మెదడువాపుకు మందు ఎవరు కనిపెడతారు?



మా మేనత్త కొడుక్కి ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. రెండో రోజుకి ఫిట్స్. పెద్దాసుపత్రిలో డాక్టరు గారు మెదడువాపు అన్నారు. "జ్వరానికీ, ఫిట్స్‌కీ మందులిస్తాం. వైరస్‌ను చంపే మందు లేదమ్మా" అని అత్తతో చెప్పారు. వాడు బతికాడు. కుడిచెయ్యి మాత్రం లేవదు, మాట ముద్దగా వస్తుంది. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరడానికి వాడే కారణం. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. దాంతో ఏం ఉద్యోగం వస్తుందని నాన్న ఇప్పటికీ అడుగుతాడు.

అప్పుడు ఊరంతా పందులు పెంచుకునేవాళ్ళ మీద పడింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ పందుల్లో పెరిగే మాట నిజమే. కొంగల్లోనూ పెరుగుతుంది. దాన్ని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ వరిమడి నీళ్ళలో పుడుతుంది. కొంగనూ, వరిమడినీ ఎవరూ తిట్టలేదు!

2005లో గోరఖ్‌పూర్ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా చనిపోయాక, 2006 నుంచి మనదేశంలో పిల్లలకు టీకా వేస్తున్నారు. టీకా ఉండగా మందెందుకు అంటారు కొందరు. టీకా అందని పిల్లవాడు జబ్బుపడితే ఏం చేస్తాం? మెదడువాపు వచ్చినవాళ్ళలో నూటికి 30 మంది దాకా చనిపోవచ్చు. వియత్నాంలో ఇంటర్‌ఫెరాన్, ఉత్తరప్రదేశ్‌లో రిబావిరిన్ ఇచ్చి చూశారు. ఫలితం లేదు. పిల్లవాడు ఆసుపత్రికి చేరేసరికే వైరస్ మెదడు కణాల్లో ఉంటుంది. రక్తంలోని మందుల్ని మెదడులోకి పోనివ్వని అడ్డుగోడ ఒకటి మన ఒంట్లోనే ఉంది.

కష్టమే. కానీ ఇదే కుటుంబానికి చెందిన హెపటైటిస్ సి వైరస్‌కు 2013లో సోఫోస్‌బువిర్ వచ్చింది. మన హైదరాబాద్ కంపెనీలే దాన్ని చౌకగా తయారుచేశాయి. ఆ జబ్బు డబ్బున్న దేశాల్లోనూ ఉంది. మెదడువాపు ఎక్కువగా పొలం పక్క పిల్లలది. దీనికి దగ్గరి చుట్టమైన డెంగీ కోసం పరీక్షిస్తున్న మాత్రను కూడా జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ 2024లో మధ్యలోనే ఆపేసింది. అందుకే ఈ పని ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ ల్యాబుల్లో జరగాలంటాను. ఆ ల్యాబుల్లో మన హాస్టల్ పిల్లలూ ఉండాలి. ఎంబీబీఎస్ సీటు రాకపోతే బైపీసీ దండగ అనుకుంటాం. రీసెర్చ్ అనే దారి ఒకటుందని నాకు డిగ్రీ మూడో ఏడు దాకా తెలియదు.

వార్షికోత్సవానికి వస్తున్నాను. పదో తరగతి వాళ్ళు భోజనాలయ్యాక కలవండి, నా రికార్డు పుస్తకాలు తెస్తాను.