కార్డు పెడితే లాగిన్ సరే, పాస్‌వర్డ్ కార్డు వెనకే ఉంటే?

కాప్రాలో మా ఫ్రెండ్‌కి చిన్న ఆన్‌లైన్ సర్వీస్ షాప్ ఉంది. పాన్ అప్లికేషన్లు, కరెంటు బిల్లులు, జిరాక్స్. కంప్యూటర్ నిండా కస్టమర్ల ఆధార్ స్కాన్లే. "రోజంతా పాస్‌వర్డ్ కొట్టలేక చస్తున్నా రా, కార్డు పెడితే ఓపెన్ అయ్యేలా సెట్ చెయ్" అన్నాడు. అప్పటికే ఓ యూఎస్‌బీ రీడర్, నాలుగు తెల్ల కార్డులు కొనేశాడు.

సెటప్ రెండు నిమిషాల పని. ఈ రకం రీడర్‌ని కంప్యూటర్ కీబోర్డ్ అనుకుంటుంది, డ్రైవర్ కూడా అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు పెడితే పది అంకెలు టైప్ అయ్యాయి, వెంటనే ఎంటర్. ఆ అంకెల్నే విండోస్ పాస్‌వర్డ్‌గా పెడితే అయిపోయినట్టే. వాడు ఫుల్ హ్యాపీ. నేను కార్డు తిప్పి చూశా. వెనక అవే పది అంకెలు ప్రింట్ అయి ఉన్నాయి!

అంటే పాస్‌వర్డ్ మెడలో వేసుకుని తిరగడమే. ఎవడైనా ఫొటో తీస్తే కార్డు కూడా అవసరం లేదు, చేత్తో టైప్ చేసుకోవచ్చు. ఈవీఎంలు తయారుచేసే ఈసీఐఎల్ పక్కన ఉండి ఇదేం సెక్యూరిటీ రా అన్నాను. "నంబర్ గీకేస్తే?" అన్నాడు. గీకినా లాభం లేదు. ఈ 125 కిలోహెర్ట్జ్ కార్డు ఏ రీడర్ దగ్గర పెట్టినా నంబర్ చెప్పేస్తుంది, అడిగేదెవరో చూడదు. అదే నంబర్ రాసుకునే ఖాళీ కార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులన్నీ సేఫ్ అనీ అనుకోకండి. మైఫేర్ క్లాసిక్ ఎన్‌క్రిప్షన్‌ని రీసెర్చర్లు 2008లోనే బ్రేక్ చేశారు.

నా లెక్కలో కార్డు నంబర్ యూజర్‌నేమ్ లాంటిది. నువ్వెవరో చెబుతుంది, అది నువ్వేనని నిరూపించదు. నిరూపించాలంటే కార్డులోని చిప్ తన సీక్రెట్ కీ బయటపెట్టకుండా, ప్రతిసారీ కొత్త ప్రశ్నకి సంతకం చేసి జవాబివ్వాలి, పైన పిన్ అడగాలి. ఫిడో2 సెక్యూరిటీ కీలు చేసేది ఇదే. చిక్కేంటంటే, విండోస్ లాగిన్‌కి వాటిని నేరుగా వాడాలంటే ఆఫీసు, కాలేజీ ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఎంట్రా అకౌంట్ ఉండాలి. షాపులోని లోకల్ అకౌంట్‌కి కుదరదు. కొనేముందు ఇది చూసుకోండి, లేకపోతే డబ్బులు వేస్ట్. లినక్స్ వాడేవాళ్లకి మాత్రం పామ్ యూ2ఎఫ్‌తో దారి ఉంది.

చివరికి వాడికి విండోస్ హలో సపోర్ట్ ఉన్న ఫింగర్‌ప్రింట్ రీడర్ పెట్టించా. లేచినప్పుడల్లా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కడం అలవాటు చేశా. ఆ పాత రీడర్ వేస్ట్ కాలేదు. కార్డు పెడితే నంబర్ పడి కింది గడిలోకి వెళ్తుంది కదా, ఇప్పుడు ఎక్సెల్‌లో షాపు కుర్రాళ్ల అటెండెన్స్ దాంతోనే.