మాత్ర మార్చమని అడగండి, మానకండి

2020 డిసెంబర్ 25న నటుడు రజనీకాంత్ హైదరాబాద్ జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రిలో చేరారు. అంతకుముందు రామోజీ ఫిల్మ్ సిటీలో ఆయన సినిమా ‘అణ్ణాత్తే’ షూటింగ్ నడిచింది. యూనిట్‌లో కొందరికి కరోనా తేలింది. ఆయనకు రాలేదు గానీ, బీపీ విపరీతంగా హెచ్చుతగ్గులైంది. బీపీ మందుల మోతాదును జాగ్రత్తగా సర్దుతున్నామని మర్నాటి బులెటిన్‌లో డాక్టర్లు చెప్పారు. 27న ఇంటికి పంపుతూ వారం విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ మూడు రోజులూ జనం ఆయన రాజకీయ పార్టీ పెడతారా లేదా అనే మాట్లాడుకున్నారు. పట్టించుకోవాల్సిన మాట మాత్రం ఆ బులెటిన్‌లోనే ఉంది: మోతాదు సర్దడం.

సినిమా పనివాళ్లు ఉండే ఫిలింనగర్ టీ బంకుల దగ్గర, కృష్ణానగర్ అద్దె గదుల్లో వినిపించే వైద్యం వేరు. బీపీ మాత్ర మొదలెడితే చచ్చేదాకా మింగాలి, కిడ్నీలు పోతాయి, పడకపోతే మానెయ్. ఇలా భయపెట్టడాన్ని నేను పూర్తిగా ఖండిస్తున్నాను. చివరి మాటైతే ప్రాణాల మీదికి తెస్తుంది.

మాత్ర పడకపోవడం అబద్ధమని నేననను. అమ్లోడిపిన్ వేసుకున్న కొందరికి సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. రోజంతా నిలబడి లైట్లు మోసే మనిషికి అది చెప్పుల్లోనే తెలిసిపోతుంది. కాళ్లు వాచాయంటే కిడ్నీ పోయినట్టేనని పక్కవాడు భయపెడతాడు. కిడ్నీల భయం సగం ఇక్కడే పుట్టిందని నా అనుమానం. నిజానికి ఆ మాత్ర సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అక్కణ్నుంచి నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. మోతాదు తగ్గించినా, టెల్మిసార్టన్ లాంటిది జతచేసినా చాలామందికి వాపు తగ్గుతుంది. అయితే వాపుకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి డాక్టరుకు చూపించాల్సిందే.

రామిప్రిల్, ఎనలాప్రిల్ రకం మాత్రలతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఒక్కోసారి మొదలెట్టిన వారాలకో నెలలకో వస్తుంది కాబట్టి మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. సిరప్పులు తాగుతారు, ఎక్స్‌రేలు తీయించుకుంటారు. గొంతే బతుకుతెరువైన డబ్బింగ్ ఆర్టిస్టుకు ఇది చిన్న బాధ కాదు. కానీ దీనికి విరుగుడు తేలిక. లోసార్టన్‌కో టెల్మిసార్టన్‌కో మారిస్తే కొన్ని వారాల్లో దగ్గు పోతుంది, బీపీ అదుపులోనే ఉంటుంది.

అటెనొలాల్, మెటోప్రొలాల్ కొందరిని నీరసపెడతాయి. ఫైటర్లకు, డాన్సర్లకు ఆ నీరసం పని పోగొట్టేంతది. అలాగని వీటిని ఒక్కసారిగా ఆపితే గుండె దడ, బీపీ ఎగదన్నుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటే రావచ్చు. పడకపోతే మానెయ్ అనే పెద్దమనిషి ఈ సంగతి చెప్పడు.

కిడ్నీల మాటకొస్తే, వాటిని ఏళ్ల తరబడి తినేసేది అదుపులో లేని బీపీయే. దానికి తోడు ఒళ్లునొప్పులకని మందుల షాపులో కొనే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్. ఇవి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టన్‌తో, మూత్రం ఎక్కువగా తెప్పించే నీటి మాత్రలతో కలిసినప్పుడు కిడ్నీకి ప్రమాదం. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు అప్పుడప్పుడూ క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకుంటే తేడా ముందే తెలుస్తుంది.

ఆకుమందైతే ఏ హానీ లేదనేవాళ్లు సర్పగంధి కథ తెలుసుకోవాలి. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని గురించి రాశాక ఆ వేరు ప్రపంచమంతా పాకింది. అందులోంచి తీసిన రిసర్పిన్ బీపీని తగ్గించింది. ముక్కుదిబ్బడ, మగత, కొందరిలో దిగులు కూడా తెచ్చింది.

మందు మీదికి తోసేసే బాధల్లో కొన్ని పనిచోటు తెచ్చినవి. నీటి మాత్ర వేసుకుంటే మూత్రం ఎక్కువగా వస్తుంది. స్టార్లకు క్యారవాన్ ఉంటుంది. ఎండలో అవుట్‌డోర్‌కు వెళ్లిన ఆడ జూనియర్ ఆర్టిస్టుకు మరుగు కూడా లేకపోతే ఏం చేస్తుంది? మాత్ర మానేస్తుంది, లేదా నీళ్లు తాగడం మానేస్తుంది. కళ్లు తిరిగి పడితే అది మాత్ర తప్పేనా? మరుగుదొడ్డి, తాగునీరు, నీడ కల్పించడం ప్రొడక్షన్ వాళ్ల బాధ్యత. బీపీ ఉందని తెలిస్తే మళ్లీ పిలవరేమోనన్న భయం పోగొట్టాల్సింది కూడా వాళ్లూ, యూనియన్లూ.

డాక్టర్లనూ నిలదీయాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. ఇంతమందికి చీటీ రాసేటప్పుడు ఈ మాత్రతో ఫలానా ఇబ్బంది రావచ్చు, వస్తే ఆపకుండా నా దగ్గరికి రండి అని ఒక్క మాట చెప్పకపోవడం అన్యాయం. సర్దుకుపొండి అనడం అంతకన్నా అన్యాయం. రజనీకాంత్‌కు మోతాదు సర్దినంత శ్రద్ధ లైట్‌మన్‌కూ దక్కాలి. దానికి సూపర్ స్పెషాలిటీ అక్కర్లేదు. బస్తీ దవాఖానాకు వెళ్లి ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో, ఇబ్బంది ఎప్పుడు మొదలైందో, ఏ నొప్పిమాత్రలు మింగుతున్నారో చెప్పండి, వేరేది రాయమని అడగండి. ఊపిరాడకపోయినా, పెదాలో నాలుకో వాచినా మాత్రం ఆ పూట మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.