మంచుకొండ తాతలు

ఏభై దాటిన వారిని ఎవరినైనా "ఏమండీ, కులాసాయేనా?" అని పలకరించి చూడండి. "ఏం కులాసా లెండి, రోజులు వెళ్ళిపోతున్నాయి" అని జవాబు వస్తుంది. అరవై రాకముందే మేడమెట్లను చూసి నిట్టూర్చడం మనలో చాలామందికి అలవాటు. మా గుమాస్తాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పింఛను కాగితాలు చేతికి వచ్చేదాకా కుర్చీకి, బల్లకూ నడుమ జరిగేదే మా వ్యాయామం.

కనుక ఈ నెల ఒక జపాను కుటుంబాన్ని గురించి పాఠకులతో ముచ్చటించదలిచాము. ఆ ఇంట తండ్రి నూరేళ్ళ వయస్సులో మంచు మీద జారాడు. కొడుకు ఎనభయ్యవ ఏట ఎవరెస్టు ఎక్కాడు. ఔరా అని ముక్కున వేలు వేసుకుని ఊరుకోవడానికి కాదు ఈ కథ. వారు ఆ పని ఎలా చేయగలిగారు, ఎవరి భుజాల ఆసరాతో చేశారు, ఎక్కడ ఆగారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతకడానికి.

మనకు మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున పొలాల మీద పొగవలె కమ్ముకునేదే. జపాను దేశపు ఉత్తర భాగంలో చలికాలం వచ్చిందంటే మంచు మనిషి ఎత్తున పేరుకుంటుంది. మామూలు నడక అక్కడ సాగదు. అందుకని సన్నని పొడుగాటి పలకలు రెండు కాలిజోళ్ళకు బిగించుకుని, చేతులతో రెండు కర్రలు ఊతంగా పట్టుకుని, కొండ వాలు మీద జారుతూ పోతారు. దీనినే స్కీ అంటారు. చూసేవారికి అది ఆట. చేసేవారి తొడలకు, మోకాళ్ళకు, నడుముకు, అన్నింటికంటే ముఖ్యంగా ఒళ్ళు తూకం తప్పకుండా నిలుపుకునే నేర్పుకు అది పరీక్ష.

పెద్దాయన పేరు కెయిజో మియురా. 1904లో పుట్టారు. అవొమొరి ప్రాంతంలో అటవీశాఖలో ఉద్యోగి, అంటే మనవంటి సర్కారు నౌకరే. మంచు కప్పిన అడవులలో తిరగవలసిన కొలువు కనుక స్కీ ఆయనకు సరదాగాక పనిముట్టుగా కూడా చేతికి వచ్చింది. ఉద్యోగ విరమణ చేసినా పలకలను అటక మీద పడవేయలేదు. 1981లో, 77 ఏళ్ళ వయస్సున, కొడుకుతోను మనుమడితోను కలసి ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కారు. 2003లో, 99వ ఏట, ఐరోపాలోని మోఁ బ్లాఁ కొండ మీది హిమానీనదపు లోయలో స్కీ మీద దిగారు. నూరేళ్ళు నిండిన 2004లో అమెరికాలోని యూటా కొండలలో నాలుగు తరాల వారితో కలసి జారారు. 101 సంవత్సరాలు బ్రతికి 2006 జనవరిలో కన్నుమూశారు.

ఆయన దినచర్యలో మంత్రమూ లేదు, మూలికా లేదు. ప్రతిరోజూ నడక, ఇంటి దగ్గర చేసుకునే కసరత్తు, పొట్టు తీయని బియ్యపు అన్నం, నోట పెట్టుకున్న ముద్దను తొందర లేకుండా బాగా నమలడం. ఇంతే. కాకపోతే "ఈ వేళ వద్దులే" అన్న మాట లేకుండా దశాబ్దాల తరబడి చేశారు. మన నాయనమ్మలు విస్తరి ముందు కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఇవి గదా!

ఇక కొడుకు యూయిచిరో మియురా. 1932 అక్టోబరులో పుట్టారు. ఈయన తండ్రివలె నెమ్మదిగా పోయే మనిషి కాదు. 1964లో ఇటలీలో జరిగిన వేగపు పోటీలో గంటకు 172 కిలోమీటర్ల వేగంతో మంచు మీద దూసుకుపోయారు. 1970 మే 6న ఎవరెస్టు మీద, సుమారు 8,000 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ నుంచి, వీపున గాలిగొడుగు కట్టుకుని స్కీ మీద క్రిందికి జారారు. కొంతదూరం పోయాక పట్టుతప్పి పడి, దొర్లుతూ పోయి, పెద్ద మంచుపగులు దగ్గరలోనికి వచ్చిన తరువాత ఆగారు. ప్రాణం దక్కింది. ఆ యాత్రను చిత్రించిన సినిమాకు 1975వ సంవత్సరపు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కారు బహుమతి వచ్చింది.

ఇంతటివాడు కూడా తరువాతి కాలంలో చతికిలపడ్డారు. విందులు, వినోదాలు ఎక్కువై ఒళ్ళు పెరిగింది. రక్తపుపోటు వచ్చింది. అరవై దాటేసరికి, తానుంటున్న సప్పోరో పట్టణం ప్రక్కన 531 మీటర్ల చిన్న కొండ ఎక్కబోతే ఆయాసం వచ్చి పూర్తిగా ఎక్కలేకపోయారు. ఎవరెస్టు మీద జారిన మనిషి పిల్లలు ఎక్కే కొండ మీద ఆగిపోయారన్నమాట! అదే కాలంలో తొంభై దాటిన తండ్రి మోఁ బ్లాఁ మీద స్కీ చేయాలని సాధన చేస్తున్నారు. కొడుకుకు సిగ్గు వేసింది. 65వ ఏట ఒక నిశ్చయం చేసుకున్నారు. 70 నిండాక ఎవరెస్టు శిఖరం ఎక్కుతాను అని.

ఆయన సాధన మొదలుపెట్టిన తీరు గమనించదగినది. ఏ కొండకూ పరుగెత్తలేదు. కాలి చీలమండలకు కొద్దిపాటి బరువు కట్టుకుని, వీపున ఒక సంచి తగిలించుకుని, పట్టణపు వీధులలోనే నడవసాగారు. పనుల మీద పోతున్నా ఆ బరువులతోనే పోయేవారు. నెలలు గడిచిన కొద్దీ బరువు పెంచుకున్నారు. కొన్నేళ్ళకు వీపు మీది సంచి 20 కిలోలు దాటింది. 2003 మే 22న కొడుకు గోతాతో కలసి ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి ఆ శిఖరం ఎక్కిన వారందరిలోను ఆయనే పెద్దవాడు.

ఆ తరువాత గుండె లయ తప్పింది. శస్త్రచికిత్సలు జరిగాయి. అయినా 2008 మే 26న, 75వ ఏట, రెండవసారి ఎక్కారు. 2009లో స్కీ చేస్తూ పడి కటి ఎముక, తొడ ఎముక విరగగొట్టుకున్నారు. ఆ వయస్సులో తుంటి దగ్గర ఎముక విరిగితే మంచం దిగడమే గొప్ప అనుకుంటాము. ఆయన దిగి, నడిచి, 2013 జనవరిలో మళ్ళీ గుండెకు చికిత్స చేయించుకుని, ఆ ఏడే మే 23న 80వ ఏట మూడవసారి శిఖరం చేరారు.

ఆ మూడవ యాత్రలో ఆయన పాటించిన నియమం ఒకటి మాకు ఎంతో నచ్చింది. పెద్దవాళ్ళకు అరపూట పనే అని జపానువారి మాట. కుర్రవాళ్ళు ఒక రోజులో నడిచే దూరాన్ని ఆయన రెండు రోజులుగా విడదీసుకున్నారు. ఉదయం నడక, మధ్యాహ్నం విశ్రాంతి. వయస్సును దాచలేదు, దానితో పోట్లాడలేదు. లెక్కలో వేసుకున్నారు. 8,500 మీటర్ల ఎత్తున, ఊపిరి ఆడడమే కష్టమైన చోట, గుడారంలో కూర్చుని తమ దేశపు పద్ధతిలో టీ కలుపుకుని త్రాగారు. తొందరపడని వాడికే అంత ఎత్తున టీ త్రాగే తీరిక దొరుకుతుంది కాబోలు!

మరుసటి ఏడు, 2014 మే 25న, మన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి మాలావత్ పూర్ణ 14 ఏళ్ళు నిండకముందే టిబెట్టు వైపు నుంచి అదే శిఖరం ఎక్కింది. ఎనభై ఏళ్ళ తాతనూ, పదమూడేళ్ళ మనుమరాలినీ ఏడాది తేడాలో తన నెత్తిన నిలబెట్టుకున్న కొండ అది.

ఇక్కడ ఇంకొక తాతగారిని పరిచయం చేయాలి. ఆయన నేపాలు దేశస్థుడు మిన్ బహదూర్ షేర్చన్. 1931లో పుట్టారు. పూర్వం గూర్ఖా సైనికుడు. 2008లో మియురా శిఖరం చేరడానికి సరిగ్గా ఒక రోజు ముందు, మే 25న, 76 ఏళ్ళ షేర్చన్ ఎక్కారు. పెద్దవాడన్న పేరు ఆయనకు దక్కింది. 2013లో మియురా దానిని తిరిగి తీసుకున్నారు. షేర్చన్‌కు నిద్ర పట్టలేదు. ఆ ఏడే ప్రయత్నించి విరమించారు. 2015లో భూకంపం అడ్డం వచ్చింది. 2017లో 85వ ఏట మళ్ళీ బయలుదేరి, మే 6న కొండ మొదట్లో ఉన్న శిబిరంలోనే ప్రాణం విడిచారు. ఆ పెద్దమనిషి ధైర్యానికి మేము నమస్కరిస్తాము. కాని రికార్డు అనేది ఎంత చెడ్డ యజమానియో కూడా ఇందులో కనబడుతుంది. సెలవు ఇవ్వని యజమాని అది.

రెండవ ప్రశ్నకు వస్తాము. ఎవరి భుజాల ఆసరాతో? 1970లో మియురా స్కీ యాత్రకు సామాను మోస్తూ మంచు కూలి ఆరుగురు షెర్పాలు చనిపోయారు. సినిమాకు బహుమతి వచ్చింది, మియురాకు కీర్తి వచ్చింది. ఆరు ఇళ్ళలో మటుకు సంపాదించే మగవాడు తిరిగి రాలేదు. 2013లో సైతం శిఖరం దాకా తాళ్ళు కట్టినవారు, ప్రాణవాయువు సీసాలు మోసినవారు, గుడారాలు వేసినవారు షెర్పాలే. దిగేటప్పుడు మియురా బాగా నీరసించారు. 6,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండవ శిబిరం నుంచి హెలికాప్టరు వచ్చి దించింది. ఫైలు మీద సంతకం దొరది, మోత గుమాస్తాది అన్న సామెతవంటి మాట మా కచేరీలలో ఉన్నది. కొండ మీదా అంతే. ఎక్కిన వాడి పేరు పత్రికలో పడుతుంది, మోసిన వాడి పేరు ఊళ్ళో వాళ్ళకే తెలుస్తుంది. అందుచేత ఇటువంటి ఘనకార్యాలు చదివినప్పుడల్లా మోసినవారెవరని అడగడం మన వంతు.

మూడవ ప్రశ్న, ఎక్కడ ఆగారు? 2019 జనవరిలో 86 ఏళ్ళ మియురా దక్షిణ అమెరికాలోని 6,961 మీటర్ల అకొంకాగువా ఎక్కబోయారు. సుమారు 6,000 మీటర్ల దగ్గర, వెంట ఉన్న వైద్యురాలు గుండె పరిస్థితి చూసి ఇక చాలునన్నారు. పెద్దాయనకు ముందు మనసొప్పలేదు. కొడుకు గోతా నచ్చజెప్పారు. చివరకు తండ్రి విన్నారు, దిగారు. కొడుకు పైకి పోయి శిఖరం చేరారు. మా దృష్టిలో ఆ దిగడం మూడు ఎవరెస్టులకు తీసిపోదు. ఇంట్లో పెద్దరికం వహించిన వాడు కొడుకు మాట విని వెనక్కి తిరగడం ఎంత కష్టమో మన కుటుంబాలలో ఉన్నవారికి తెలియనిది కాదు.

2020లో ఆయన మెడ దగ్గర వెన్నెముకలో రక్తం గడ్డకట్టి కాళ్ళు చేతులు స్వాధీనం తప్పాయి. ఎన్నో నెలలు ఆసుపత్రిలో గడిపారు. కొద్దికొద్దిగా నిలబడడం, అడుగు వేయడం మళ్ళీ నేర్చుకున్నారు. 2023 ఆగస్టు నెలాఖరున, 90వ ఏట, 3,776 మీటర్ల ఫూజీ కొండ శిఖరానికి చేరారు. కొండకు తగినట్లు తయారుచేసిన చక్రాల కుర్చీలో ఆయనను కూర్చోబెట్టి, కొడుకు, స్నేహితులు తాళ్ళతో లాగుతూ, తోస్తూ మూడు రోజులలో పైకి తీసుకుపోయారు. ఒకప్పుడు అదే ఫూజీ మీద గాలిగొడుగుతో జారిన మనిషి ఈసారి పదిమంది చేతుల మీద పోయారు. ఇతరులు మోస్తుండగా నామోషీ పడక, కృతజ్ఞతతో కూర్చోవడం కూడా ఒక సాధనే. అది అన్నింటికంటే చివర నేర్చుకునేది.

మన పాఠకులలో ఎవరూ ఎవరెస్టు ఎక్కనవసరం లేదు. ఎనభై ఏళ్ళకు అది అందరికీ తగినదని మేము చెప్పడమూ లేదు. గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా కాలికి బరువులు కట్టుకుంటే ఇంటిల్లిపాదికీ చిక్కు. కాని తండ్రి దినచర్యలో ఖర్చు లేదు, కొడుకు అరపూట నియమంలో ప్రమాదం లేదు. వీధి చివరి దుకాణానికి బండి మీద కాక కాలినడకన పోవచ్చు. రెండవ అంతస్తుకు మెట్ల మీద నెమ్మదిగా, మధ్యలో ఒకసారి ఆగి, ఎక్కవచ్చు. ఇంట్లో తాతగారు సాయంకాలం బయలుదేరుతుంటే "ఈ వయస్సులో ఎందుకండీ?" అనక, చెప్పులు తెచ్చి ఇచ్చి, వీలైతే ఒక మనుమణ్ణి వెంట పంపండి. ఆ పిల్లవాడికీ నడక వస్తుంది, తాతగారికీ కబుర్లు దొరుకుతాయి.

వచ్చే నెల మరొక విషయంతో కలుసుకుందాము. సెలవు.