బాగుంది అంటే సరిపోదు

సూర్యాపేటలో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న తండా పిల్లలను మేము ఒక ప్రశ్న అడిగాం. 2024లో తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఏ పుస్తకానికి వచ్చింది? అడగడమే ఆలస్యం, నలుగురూ ఒకేసారి చెప్పారు: రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన ‘ఢావ్లో’. మీలో ఎవరు చదివారు అంటే నలుగురూ నేల చూపులు చూశారు. ఒకడు మాత్రం, "అండ్లకెల్లి ఒక్క బిట్టే వస్తది గద సార్" అన్నాడు.

ఆ పిల్లవాడి మీద మాకు కోపం రాలేదు. వాడికి అట్లా చదవడం నేర్పింది టీచర్లమైన మనమే. గైడు చేతికిచ్చి, గీత గీసిన చోట చదివితే చాలన్నది మనమే. పెళ్లయి పుట్టిల్లు విడిచేటప్పుడు, అయినవాళ్లు చనిపోయినప్పుడు మన ఆడవాళ్లు మెడలు పట్టుకుని పాడే ఏడుపు పాట ఢావ్లో. వాడి నానమ్మకు అది తెలుసు. మన ఇంటి మాట మన పిల్లలకు ఇంట్లో కాకుండా కరెంట్ అఫైర్స్ పుస్తకంలో దొరికింది. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పనిచేసే కొందరం గిరిజన టీచర్లం అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. నెలకొక పుస్తకం చదవాలి. ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకోవాలి. "బాగుంది" అని తప్పించుకోకూడదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ మనకు మింగుడు పడలేదో చెప్పాలి.

మొదట మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ చదివాం. ఆమె మన తుంగతుర్తి వైపు మనిషి. భూస్వాముల ఇంట పుట్టి భూస్వాముల మీదే తిరగబడింది. రాజక్క పేరుతో అడవిలో కోయల మధ్య పనిచేసింది. ఆ తెగువకు అందరం దండం పెట్టాం. అప్పుడు మాలో ఒక టీచరమ్మ అడిగింది: "దళానికి గంజి పోసిన కోయ తల్లి తన కథ తానే చెబితే ఎట్లుంటది?" అంత గొప్ప మనిషి పుస్తకంలో వంకలు పెడతారా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు.

అది వంక కాదు. స్వరాజ్యం తన కథ తాను చెప్పింది. మన కథ చెప్పే బాకీ ఆమెకు లేదు. రావి నారాయణరెడ్డి తన అనుభవాలు రాశారు. పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్ర రాశారు. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ రాశారు. ధర్మాపురం తండాలో భూమి కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన జాటోతు ఠానూ నాయక్‌కు రాసుకునే ఆయుష్షు దొరకలేదు. బతికి ఉన్న మనవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకోవలసింది చదువుకున్న మనం. మనం చేయని పనికి ఇంకొకరి పుస్తకాన్ని నిందించి లాభం లేదు.

తర్వాత డాక్టర్ కేశవరెడ్డి నవల ‘చివరి గుడిసె’ చదివాం. యానాదుల మీద లోకం వేసిన దొంగ ముద్ర గురించిన నవల అది. ఒక యువకుడు లేచి, "ఆయన యానాది కాదు, ఆయన రాసింది మనమెందుకు చదవాలి?" అన్నాడు. మేము ఒప్పుకోలేదు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. బస్టాండులో ఎవరి పర్సు పోయినా ముందు ఎవరి మూట విప్పిస్తారో మనకు తెలుసు. ఆ బాధను పట్టుకున్న పుస్తకాన్ని రాసినవాడి కులం చూసి పక్కన పెడితే నష్టం మనకే.

దీనికి ఎదురు రోగం కూడా మనలో ఉంది. మన గురించి ఎవరు రెండు పేజీలు రాసినా శాలువా కప్పేస్తాం. అద్దాల రవిక, సారా కుండ, అమాయకపు నవ్వు ఉంటే అది గిరిజన నవల అయిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు ట్రాక్టరెక్కి పోయే ఆడవాళ్లు అందులో ఉండరు. షావుకారి అప్పు లెక్క ఉండదు. మన భాషలో మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు ఉండడు. అటువంటి పుస్తకాన్ని "ఇది మా బతుకు కాదు" అని ముఖం మీదే చెప్పాలి.

చివరికి ‘ఢావ్లో’ చదివాం. అవి గోర్ బంజారా కథలు. కాలేజీలో పాఠం చెప్పే ఒక మిత్రుడు, తండా మాటలు ఎక్కువైనాయి, అర్థం కావడం కష్టం అన్నాడు. మేము ఒక్కటే అడిగాం. మన పిల్లవాడు ఒకటో తరగతిలో కూర్చున్న మొదటి రోజు ఎన్ని తెలుగు మాటలు అర్థమయ్యాయి? వాడికి ఎవరైనా అర్థాల పట్టిక ఇచ్చారా? ఆరేళ్ల పిల్లవాడు ఒక భాష మొత్తం నేర్చుకోగా లేనిది, డిగ్రీలు చదివిన పాఠకుడు పది మాటలు నేర్చుకోలేడా?

అందులో ఒక కథను మాలో ఒకరు తమ తండాలో ముసలమ్మకు చదివి వినిపించారు. ఆమె మధ్యలో ఆపింది. "ఈ మాట మన దిక్కు ఇట్ల అనరు" అని దిద్దింది. ఆ తర్వాత తన పెళ్లినాటి ఢావ్లో అందుకుంది. బడి ముఖం చూడని ఆమె చేసిందే అసలైన విమర్శ. మూడు నెలలకు ఆమె చనిపోయింది. ఆమె చెప్పినదాంట్లో మేము రాసుకున్నది అర పేజీ. ఆ తప్పు మాదే.

మహారాష్ట్రలో, మన ఎరుకల వాళ్లలాగే బుట్టలల్లే కైకాడి ఇంట పుట్టిన లక్ష్మణ్ మానే 1980లోనే ‘ఉపరా’ పేరుతో తన బతుకు తానే రాసుకున్నాడు. మరుసటి ఏడాది దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన దగ్గర డీఎడ్, బీఎడ్ చదివినవాళ్లు తండాకు పది మంది ఉన్నారు. కొరత చదువుది కాదు.

కాబట్టి టీచర్లకు, యువకులకు మా మాట ఇది. బిట్టు కోసం చదివిన పుస్తకాన్ని ఒకసారి మొత్తం చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ తల అడ్డంగా ఊపారో రాయండి. వాళ్లు తమ కథ మొదలుపెడితే పుస్తకం మూసి, నోటుబుక్కు తెరవండి. రాసిన కాగితాలు మా దగ్గరికి తీసుకురండి. అక్షర దోషాలు మేము దిద్దుతాం. వాళ్లు చెప్పిన మాటను మాత్రం దిద్దం.