మెడ విరుచుటకు ముందు చెప్పవలసినది

బళ్లారిలో క్షురకుడు మెడ విరిచిన పిమ్మట ఒక యువకునికి పక్షవాతము వచ్చెనని 2024లో వార్త వెలువడినది మొదలు, వెన్నుపూసలను చేతితో సర్దు కైరోప్రాక్టిక్ అంతయు మోసమని ఒకరు, క్షురకుని దోషమును శిక్షణ పొందినవారికి అంటగట్టరాదని మరొకరు వాదించుచునే యున్నారు. పరిశోధన తేల్చిన విషయము చికిత్సకై బల్లపై పరుండినవాని చెవిని పడుచున్నదా అను ప్రశ్నను మాత్రము ఎవరును వేయుటలేదు.

ఆ విషయము గూఢమైనదియు కాదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష, 47 పరీక్షలను క్రోడీకరించి, దీర్ఘకాలపు నడుమునొప్పికి వెన్నుపూసల సర్దుబాటు వ్యాయామాది చికిత్సలతో సమానముగా పనిచేయునని చెప్పెనే కాని మిన్నయని చెప్పలేదు. ఇక మెడ మాటకు వచ్చినచో, దానిని వేగముగా త్రిప్పినప్పుడు, పక్షవాతమునకు దారితీయగల రీతిని ధమని చీలుట అత్యరుదు. ముందే చీలిన ధమని మెడనొప్పి కలిగించి రోగిని చికిత్సకుని యొద్దకు తెచ్చియుండవచ్చును గనుక, ఏది కారణమను వివాదము నేటికిని తీరలేదు.

ఈ వృత్తికి మన దేశమున ప్రత్యేక మండలి లేదు గనుక కట్టుబాటే లేదనుట పొరపాటు. పరీక్షకై మత్తునిచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో, గర్భాశయమును తొలగించిన సమీరా కోహ్లి కేసులో, సుప్రీంకోర్టు 2008 జనవరి 16న, చికిత్స స్వరూపమును, ప్రయోజనమును, ప్రత్యామ్నాయములను, గణనీయమైన అపాయములను, నిరాకరించినచో కలుగు ఫలితమును తెలిపి పొందినదే సమ్మతి యని నిర్ణయించినది. బహుదూరపు అపాయములను చెప్పి రోగిని బెదరించి, అవసరమైన చికిత్సకు దూరము చేయనక్కరలేదనియు ఆ తీర్పే అన్నది; కైరోప్రాక్టర్లకు ఆశ్రయమీయగల భాగమిదియే. కాని ఆ మినహాయింపు చికిత్స తప్పనిసరియైన చోటనే నిలుచునని నా అభిప్రాయము. వ్యాయామమను మార్గమున్నప్పుడు మెడ విరుపు తప్పనిసరి కాదు. సంభవించినచో పక్షవాతమే ఫలమగు అపాయము ఎంత అరుదైనను గణనీయమే. తీర్పు వైద్యులకే వర్తించునని తప్పించుకొనజూచువారు కలరు. కాని తన దేహముపై మనిషికి గల అధికారము ఎదుటివాని పట్టాను బట్టి మారదు.

బెంగళూరు శివారగు యలహంకనుండి నగరమునకు గంటలకొలది వాహనములలో కూర్చుండి పోవు ఉద్యోగి మెడనొప్పితో వచ్చినప్పుడు, మునుపెరుగని తలనొప్పి, తల తిరుగుట, చూపు మసకబారుట కలవేమో విచారించి, ఉన్నచో అతని మెడను ముట్టక ఆసుపత్రికి పంపవలెను. లేనిచో పై ఐదు అంశములను అతనికి తెలిసిన కన్నడముననో తెలుగుననో వ్రాసియిచ్చి, చదివిన పిమ్మటనే సంతకము తీసికొనవలెను. ఇందుకు క్రొత్త చట్టముతో పనిలేదు. అట్టి పత్రము చూపనివారి చేతికి పాఠకులు తమ మెడను అప్పగింపవలదని నా మనవి.