సిరంజి మీద అంకెలు



చక్కెర వ్యాధికి ఇంట్లోనే ఇన్సులిన్ సూది వేసుకొనేవారు నేడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మోతాదు వ్రాసేది డాక్టరుగారే అయినా, దానిని కొలిచేది మాత్రం సిరంజి గొట్టం మీద అచ్చు వేసిన సన్నని గీతలే. వాటి విషయమై నాలుగు మాటలు విన్నవించుకొంటున్నాను.

మన దేశంలో సీసాలలో వచ్చే ఇన్సులిన్ రెండు రకాలు. మిల్లీలీటరుకు 40 యూనిట్లు గలది ఒకటి, 100 యూనిట్లు గలది మరొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి వాడవలెను. 100 రకం మందును 40 రకం సిరంజితో 20వ గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు! రోగి స్పృహ తప్పవచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు. అటుదిటైతే 20కి బదులు 8 యూనిట్లే పోతాయి. మా ఊళ్ళో ఒక మందుల షాపువారు మా అమ్మగారికి 40 రకం మందుతో నారింజ మూత సిరంజిలు ఇచ్చారు. వారం రోజులైనా చక్కెర దిగలేదు. చివరకు ఒక నర్సమ్మగారు గొట్టం మీది అంకె చూచి సంగతి కనిపెట్టారు.

మూత రంగు చాలదా అని కొందరు అనవచ్చు. ఎరుపుకూ నారింజకూ తేడా ముసలి కళ్ళకు ఎంత? పైగా మూత తీసి పక్కన పెట్టగానే ఆ గుర్తు పోయినట్లే. ఇక మిగిలేది గొట్టం మీది అచ్చే.

గుండ్రని గొట్టం మీద అచ్చు వేయడం కాగితం మీద వేసినంత సులభం కాదు. గొట్టాన్ని దొర్లిస్తూ సిరా అద్దవలెను. దొర్లుడు తప్పితే గీత అలుక్కుపోతుంది. ప్లాస్టిక్‌కు సిరా తేలికగా పట్టదు గనుక, ముందుగా మంట సెగ వంటిది తగిలించి పైభాగాన్ని సిద్ధం చేయవలెను. ఈ పనిలో అశ్రద్ధ జరిగితే తడి వేలు తగిలినా అంకె చెరిగిపోతుంది. 40 రకం సిరంజిలో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో 40వ వంతు మాత్రమే. అక్కడ గీత మందమైనా తప్పే, మాసినా తప్పే.

మావంటి సరిహద్దు ఊళ్ళలో తెలుగు పెద్దలు అనేకులకు అట్టపెట్టె మీది ఇంగ్లీషు రాదు, స్థానిక లిపీ అంతంత మాత్రమే. అన్ని భాషలవారికీ చదువ వచ్చేవి అంకెలొక్కటే. కనుక 40, 100 అనే అంకెలను గొట్టం మీద పెద్దవిగా, చెరగని సిరాతో అచ్చు వేయించవలెననీ, సీసాకు సరిపడే సిరంజి చూచి ఇవ్వడం షాపువారికి విధిగా చేయవలెననీ ఔషధ నియంత్రణాధికారులను కోరుతున్నాను. అంతవరకు పాఠకులు సీసా మీది అంకెనూ సిరంజి మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూచుకొనిగాని సూది వేయకుందురుగాక.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హోసూరు