పాతకారు బేరము

ఇంగ్లండున నున్న మా మఱది పాత ఎం.జి.బి. కారొకటి కొని బాగుచేసికొందునని వ్రాసినాఁడు. ఆబింగ్డనులో 1962 మొదలు 1980 వఱకు తయారైన రకమది. ఎఱ్ఱరంగు నిగనిగలాడుచున్నదఁట! తోడికోడలు దాఁచిన సొమ్ముతో బేరము.

మావారు తెప్పించిన పుస్తకము చదివి మేమిట్లు వ్రాసితిమి: "నాయనా, రంగు చూచి మురియకుము. ఆ బండికి వేఱు చట్రము లేదు, ఒడలే చట్రము. తలుపుల క్రింది సిల్లులు త్రుప్పు తిన్నచో నడుమ క్రుంగును. లప్పము పూసి రంగు వేసిన నది కానరాదు. తలుపు సందు మీఁద నిఱుకుగ, క్రింద వెడల్పుగ నున్నదేమో చూడుము. క్రొత్త రేకులు దొరకును. కాని పాతవి కోయుటకు ముందు తలుపుదారి కడ్డముగ కడ్డీ బిగింపనిచో ఒడలు వంకరపోవును. ఇంజను బాగు సులువే. త్రుప్పు బాగే సొమ్ము మ్రింగును."

బయానా యింకను ఈయలేదని నిన్న తోడికోడలి జాబు వచ్చినది.